కరువు కాయల నూనె

మా గానుగ పుంగనూరులో బస్టాండు వెనక సందులో ఉంది. నా పెళ్లి నాటికే మా ఆయన దాన్ని నడుపుతున్నాడు. ఎద్దులు తిప్పేది కాదు, కరెంటు మోటారుదే. రోలూ రోకలీ మాత్రం చెక్కవి. మెల్లగా తిరుగుతుంది కాబట్టి నూనె వేడెక్కదు. మేం కాచేదీ లేదు, కడిగేదీ లేదు, ఏ మందూ కలిపేదీ లేదు. కొట్టుకు వచ్చినవాళ్లకు మా ఆయన ఆ మాట గర్వంగా చెప్పేవాడు. నేను కుప్పం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వేరుశెనగ వాసనకు తలనొప్పి వచ్చేది. తర్వాత తర్వాత మోటారు ఆగిన రోజు ఇల్లు బోసిపోయినట్టు ఉండేది.

నూనెకు భయపడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడాది తొలి వానలు బాగానే పడ్డాయి. చేలు పచ్చగా లేచాయి, పూత వచ్చింది, ఊడలు నేలలోకి దిగాయి. సరిగ్గా కాయ నిండే వేళకు వాన మొహం చాటేసింది. నేల నెర్రెలిచ్చింది. మధ్యాహ్నం చేలోకి దిగితే మట్టి పాదాలను కాల్చేదని రైతులు చెప్పుకునేవాళ్లు. ఇక చాల్లే అని చెట్లు పీకడం మొదలుపెట్టారో లేదో ముసురు పట్టింది. పీకిన చెట్లు చేలోనే తడిశాయి. కొందరు తడి కాయలనే కుప్ప పోసి పట్టలు కప్పారు.

పెద్దమండ్యం వైపు నుంచి ఒక రైతు ఏటా మాకే కాయలు తెచ్చేవాడు. మా ఆయన కంటే పెద్దవాడు, మితభాషి. ఆ ఏడు టెంపోలోంచి మూటలు దించుతుంటే మా ఆయన ఒక మూటను ఒంటి చేత్తో ఎత్తి చూశాడు.

"ఏమప్పా, ఇంత తేలికగా ఉండాయే."

"పప్పు యాడుండాది కాయలో. దేవుడిచ్చిందే తెచ్చినాను. ఇప్పి సూసుకో. వొద్దంటే ఎత్తుకోని పోతాను."

మా ఆయన కాయలు నలిపి చూశాడు. పప్పులు ముడుచుకుపోయి ఉన్నాయి. కొన్నింటి పొట్టు కమిలింది. అక్కడక్కడా పచ్చటి దుమ్ములాంటి బూజు. ఆ చుట్టుపక్కల ఎవరి కాయ చూసినా అట్లాగే ఉంది. కాయలు తీసుకుని, ఒలిపించి, మేమిద్దరం కూలి ఆడవాళ్లతో కలిసి కూర్చుని చెడ్డ పప్పులు ఏరాం. చేటల కొద్దీ పారేశాం. కంటికి కనిపించినదంతా తీసేశాం. కంటికి కనిపించనిది కూడా ఉంటుందని మాకు తోచలేదు.

నూనె రంగు కొంచెం ముదురుగా దిగింది. నాలుక మీద బాగానే ఉంది కానీ మింగాక గొంతులో సన్నటి గరగర. "కరువు కాయ కదా, అట్లే ఉంటాది" అన్నాడు మా ఆయన.

దిగిన నూనెను మేం వెంటనే అమ్మం. డ్రమ్ముల్లో పోసి కదలకుండా ఉంచుతాం. మడ్డి అడుగుకు దిగి, పైన తేట తేరుతుంది. కొట్టుకు వచ్చేవాళ్లకు ఆ తేట పోస్తాం. మా ఇంటికి, మా వాళ్లకు మాత్రం అప్పుడే దిగిన నూనె. మబ్బుగా, చిక్కగా, పప్పు వాసన కొడుతూ ఉంటుంది. దాని రుచి తెలిసినవాళ్లు తేట నూనె ముట్టరు.

అప్పుడు మా చెల్లెలు కాన్పుకని కుప్పంలో అమ్మ దగ్గరికి వచ్చి ఉంది. అంతకుముందు ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల దాటింది. ఇంట్లో అందరం ఆమె ముందు గట్టిగా మాట్లాడడానికి కూడా జంకేవాళ్లం. మా ఆయనకు చెల్లెళ్లు లేరు, ఆమె అంటే ప్రాణం. "కాన్పుకొచ్చిన పిల్లకు తేట నూనె యాల, కొత్త నూనే ఇస్తాను" అని రోలు దగ్గర నుంచే ఒక క్యాను నింపి, తనే బస్సెక్కి కుప్పంలో ఇచ్చి వచ్చాడు.

మాకు పాలు పోసే ఆమెది సోమల రోడ్డులో ఒక పల్లె. పొద్దున్నే ఆటోలో క్యాన్లతో దిగేది. పోతూ పోతూ మా గానుగ నుంచి చెక్క తీసుకునేది. నూనె పిండాక మిగిలే ఆ చెక్కను నానబెట్టి పెడితే ఆవు పాలు చిక్కబడతాయి. ఆ చెక్క తినే ఆవు పాలే మేం తాగేవాళ్లం. అదొక చక్రంలా ఏళ్లుగా తిరుగుతోంది.

కుప్పానికి నూనె పంపిన కొన్ని వారాలకు, ఒకరోజు ఆమె ఒట్టి చేతులతో వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఈ పొద్దు పాలు లేవు మా."

"యాల, ఏమైంది?"

"ఆవు మేత ముట్టడం లేదు. పాలు తగ్గిపోయినాయి. పెయ్య అయితే లేసి నిలబడలేకుండా ఉండాది."

లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అక్కడే నిలబడింది.

"డాక్టరు వచ్చినాడు. ఏం పెడతాండావని అడిగినాడు. పెయ్యకు కూడా చెక్క కలిపి తాపిస్తాండానని సెప్పినాను. తెచ్చి సూపించమన్నాడు. ఇరిచి వాసన సూసి, ఇది యాడిదని అడిగినాడు." వేలికి చుట్టిన కొంగు విప్పింది. "నేను మీ పేరు సెప్పలేదు మా."

ఆ చివరి మాటకే నాకు భయం పట్టుకుంది. ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదేమో.

మా ఆయనా నేనూ ఆమె వెంటే వెళ్లాం. మేం చేరేసరికి పెయ్య చచ్చిపోయింది. కొట్టంలో ఒక మూల గోనెపట్ట కప్పి ఉంది. ఆవు అటువైపే మెడ చాచి అరుస్తోంది. పశువుల డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు. మా ఆయన దాపరికం లేకుండా చెప్పాడు, ఆ చెక్క మాదేనని.

"బూజు విషం అయ్యుండచ్చు" అన్నాడు డాక్టరు. "కాలేయాన్ని కొడుతుంది. లేత దూడలు తట్టుకోలేవు. పరీక్ష చేయిస్తేగానీ ఖాయంగా చెప్పలేను. ఆ చెక్క ఇంకెవరికీ ఇవ్వద్దండి."

నేను అడిగాను. "సార్, చెక్కలో ఉంటే నూనెలో కూడా ఉంటుందా?"

"ఎక్కువ భాగం చెక్కలోనే నిలిచిపోతుంది. నూనెలోకి పోయేది తక్కువ. మీరు అమ్మేది తేట నూనే కదా?"

"తేట నూనే సార్" అన్నాడు మా ఆయన.

"అయితే కొంత నయం. మడ్డితో ఉన్న నూనె అయితే భయపడాలి. చెక్కలో ఉండేదే ఆ మడ్డిలోనూ ఉంటుంది. అది ఎవరూ తినలేదు కదా?"

నేను ఆయన వైపు చూడలేదు. ఇద్దరికీ కుప్పం పంపిన క్యానే కళ్లముందు కనిపిస్తోంది.

రోడ్డు మీదికి వచ్చి చెల్లెలికి ఫోన్ చేశాను. తీయలేదు. మళ్లీ చేస్తే అమ్మ ఎత్తింది.

"నిద్దరపోతాండాది, లేపద్దు. రాత్రంతా అరిచేతులు గోక్కుంటా కూసోనుండాది. కాళ్లు కూడా ఒకటే దురదంట. కడుపుతో ఉన్నప్పుడు ఇదంతా మామూలేలే."

"అమ్మా, మేం పంపిన నూనె వాడతాండావా?"

"అదే కదా వాడతాండాం. బాగుండాది."

ఇంటికి వచ్చి ఒక చీర సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. మా ఆయన మోటారు స్విచ్చు తీసేసి, కొట్టు షట్టరు సగానికి దించి, డ్రమ్ముల మధ్య నిలబడి ఉన్నాడు. వస్తానని చెబితే తల ఊపాడు, అంతే.

పలమనేరు మీదుగా, వి.కోట మీదుగా కుప్పం పోయే ఆ దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు ఏ ఊరు దాటామో గుర్తు లేదు. ఫోనులో బూజు విషం గురించి వెతికాను. కాలేయం, కడుపులో బిడ్డ, బరువు తగ్గడం, క్యాన్సర్. ఒక్కో మాటా చదివి తెర ఆపేసేదాన్ని, మళ్లీ తెరిచేదాన్ని. ఆ నూనె మేం కూడా తిన్నాం. ఆ సంగతి నాకు తట్టనే లేదు. చెల్లెలు అన్నం ముద్ద కలుపుకుంటున్నట్టు, ఆ ముద్ద వేళ్ల సందుల నుంచి నూనె కారుతున్నట్టు, అదొక్కటే కళ్లముందు ఆడుతోంది. పక్క సీటులో ఒక పెద్దావిడ "ఏం మా, ఒంట్లో బాగలేదా?" అని నీళ్ల బాటిలు ఇచ్చింది. తాగితే అదీ గొంతులో గరగరలాడినట్టే అనిపించింది.

ఇంటికి చేరేసరికి చెల్లెలు వసారాలో పీట మీద కూర్చుని, బక్కెట్టులో చన్నీళ్లు పోసి పాదాలు ముంచుకుని ఉంది. అరచేతులు గోకి గోకి ఎర్రబడ్డాయి. నన్ను చూసి నవ్వింది.

"ఏంకా, సెప్పకుండా వచ్చేసినావు?"

నేను జవాబివ్వకుండా దాని గడ్డం పట్టి మొహం వెలుతురుకు తిప్పాను. కళ్లలో తెల్లగుడ్డు చూశాను. తెల్లగానే ఉందా, పసుపు తిరిగిందా, నాకు తేల్చుకోవడం తెలియలేదు. అప్పుడే లోపలి నుంచి వాసన వచ్చింది. మా నూనె వాసన. అమ్మ పెనం మీద దోసె పోసి చుట్టూ నూనె వేస్తోంది. నేను పోయి పొయ్యి ఆపేశాను.

"ఏమైందే నీకు?" అంది అమ్మ.

"ఈ నూనె బాగలేదమ్మా. కాయ చెడింది. ఇంక వాడద్దు."

"బంగారమట్ల ఉంటే బాగలేదంటావే?"

చెల్లెలు తడి పాదాలతోనే వంటింటి గుమ్మం దాకా వచ్చింది. గోడకు ఒరిగి నిలబడింది. ఇప్పుడు దాని మొహంలో నవ్వు లేదు.

"నూనెలో ఏముండాదికా?"

"ఇంకా తెలీదు. తెలుసుకుంటాండాం."

"తెలీకుండానే బస్సెక్కి వచ్చినావా నువ్వు?" అని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "నేను కారంపొడి అన్నంలో కూడా అదే పోసుకొని తిన్నాను. బిడ్డకు బలమనుకుంటి."

మరుసటి రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అరచేతులూ అరికాళ్లూ దురద అనగానే డాక్టరమ్మ రాసుకోవడం ఆపి తలెత్తింది. కళ్లు చూసింది, కడుపు పట్టుకుని చూసింది, రక్తం తీయించింది. సాయంత్రానికి రిపోర్టు చూసి, కాలేయం కొంచెం ఇబ్బంది పడుతోందని చెప్పింది.

కాలేయం అన్న మాటకు నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. "కొందరికి కడుపుతో ఉన్నప్పుడు ఇట్లా వస్తుంది. కాన్పయితే పోతుంది. తల్లికి పెద్దగా ప్రమాదం లేదు, బిడ్డను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి" అని ఆమె చెల్లెలికి చెప్పింది. "కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఏ వేళైనా సరే వచ్చేయండి."

చెల్లెలిని బయట కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి వెళ్లాను. చెక్క సంగతీ, పెయ్య సంగతీ, క్యాను సంగతీ అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"నాకు తెలిసినంతవరకు ఈ దురదకు ఆ బూజు కారణం కాదు. అట్లాగని ఆ నూనె తినొచ్చని నేను చెప్పను. పరీక్షకు పంపినారా?"

"మా ఆయన పంపుతాండాడు."

"ఫలితం వచ్చినాక నాకు చెప్పండి. అంతవరకు ఆమెను భయపెట్టకండి."

నేను బయటికి వచ్చేసరికి చెల్లెలు నా మొహమే చూస్తోంది. చిన్నప్పటి నుంచీ దానికి నా మొహం చదవడం వచ్చు.

పరీక్షకు మదనపల్లె వెళ్లాం. నేను కుప్పం నుంచి క్యానులో మిగిలిన నూనె పట్టుకుని, మా ఆయన పుంగనూరు నుంచి చెక్క, మడ్డి, తేట నూనె సీసాల్లో పోసుకుని. టమోటా యార్డు వైపు లారీలు రోడ్డంతా నిండి, మేం దిగి నడవాల్సి వచ్చింది. మిద్దె మీద చిన్న ల్యాబు. మట్టి, నీళ్లు, నూనెలు పరీక్ష చేస్తారు. అక్కడి మేడం వయసులో నాకంటే చిన్నది. విషం ఎంతుందో కొలిచే యంత్రం తమ దగ్గర లేదనీ, బెంగుళూరుకు పంపిస్తామనీ చెప్పింది. నూనెలో పులుపు ఎంతుందో మాత్రం అక్కడే కొలిచింది. చూసి, ఆ కాయ ఎట్లా పండిందో చెప్పమంది.

మా ఆయన వానలు ఆగిన సంగతి, ముసురు సంగతి చెప్పాడు. ఆమె తల ఊపుతూ వింది.

"ఒకే విత్తనం వేసినా నూనె ఒకటే రకంగా రాదండి. కాయ నిండేటప్పుడు ఎండ ఎట్లుంది, తడి ఎట్లుంది, దాన్ని బట్టి లోపల నూనె తయారవుతుంది. ఎండలకు నిండిన కాయ నూనె ఒక తీరు, చల్లటి రోజుల్లో నిండింది ఒక తీరు. మీ కాయ సరిగా నిండనే లేదు. పైగా తడిసింది. తడిసిన కాయలో నూనె లోపలే విరిగిపోయి పులుపు పుడుతుంది. మీ గొంతుకు గరగరమని తగిలేది అదే."

"అదే విషమా?" అన్నాన్నేను.

"కాదు. రెండూ ఒకే కాయలో పుట్టినాయి, అంతే. ఆ బూజు మట్టిలో ఎప్పుడూ ఉంటుంది. చెట్టు బాగున్నప్పుడు కాయ దాన్ని రానివ్వదు. నీళ్లు లేక, మట్టి కాలిపోయి, చెట్టు నీరసించినప్పుడు లోపలికి దూరుతుంది. మళ్లీ తడి కాయను కుప్ప వేస్తే బాగా పెరుగుతుంది. ఆ విషానికి రుచి లేదు, వాసన లేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "బాగా కాచితే సావదా మేడం?"

"పెనం వేడికి చావదండి. ఎండకు కొంత విరుగుతుంది, అంతే. పెద్ద మిల్లుల్లో నూనెను మందులు వేసి కడుగుతారు, వడకడతారు, చాలా వేడి చేస్తారు. అక్కడ చాలావరకు పోతుంది. మీరు ఏదీ చేయరు. అందుకే మీ నూనెకు ఆ వాసన. కాయలో మంచి ఉంటే మంచి, చెడు ఉంటే చెడు, ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది."

మెట్లు దిగుతూ మా ఆయన గోడ పట్టుకుని ఆగాడు. కాచం, కడగం, ఏదీ కలపం అని జీవితమంతా చెప్పుకున్న మనిషి. "ఆ పిల్లకు నా చేత్తో పోసిచ్చినానే" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు. చేతిసంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

ఫలితం వచ్చేదాకా ఆయన ఆగలేదు. ఆ కాయల నూనె తీసుకున్నవాళ్ల ఇళ్లకు ఆటో వేసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. తేట నూనే అయినా వెనక్కి ఇమ్మని అడిగాడు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు నూనె ఇచ్చేసి, మళ్లీ మా కొట్టు మెట్టు ఎక్కలేదు. ఒక ముసలాయన మాత్రం డబ్బా ఇవ్వనే ఇవ్వలేదట, ఈ వయసులో నన్ను నూనె ఏం చేస్తాదప్పా అని. మిగిలిన చెక్కంతా ఊరి బయట గుంత తీసి సున్నం చల్లి పూడ్చేశాడు. పాలామె కూడా తన దగ్గర ఉన్న చెక్క మూట తెచ్చి ఆ గుంతలోనే వేసింది.

"నీకు మంచి పెయ్యను చూసి తెస్తానమ్మా" అన్నాడు మా ఆయన.

"తేవచ్చులే అప్పా. ఆవు వాసన సూస్తాది కదా. దానిది కాదని దానికి తెలీదా?" అంది ఆమె. కోపంగా అనలేదట.

నేను మదనపల్లె నుంచి మళ్లీ కుప్పం వెళ్లి అక్కడే ఉండిపోయాను. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలన్నీ బిడ్డ కదలికల చుట్టే. కదిలిందా? ఇప్పుడే కదిలింది. అన్నం తిన్నాక కదిలిందా? చెల్లెలు పలికేదాకా దాని ఎదుటే నిలబడేదాన్ని. అది స్నానానికి పోయి ఆలస్యమైతే తలుపు తట్టేదాన్ని. అమ్మ కొత్తగా కొనుక్కొచ్చిన ప్యాకెట్టు నూనెను కూడా నేను వాసన చూసి, చుక్క నాలుక మీద వేసుకుని చూసేదాన్ని. రుచి లేనిదాన్ని రుచి చూసి ఏం కనిపెడతానో నాకే తెలియదు.

ఫలితం వచ్చిన రోజు నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. చెల్లెలు లోపల స్కానింగులో ఉంది. మా ఆయన ఫోన్ చేశాడు.

"తేట నూనెలో హద్దుకు లోపలే ఉండాదంట."

"ఊఁ."

"చెక్కలో శానా ఎక్కువ. మడ్డిలో కూడా."

"క్యానులోది?"

ఫోను కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూశాను. కట్టవలేదు.

"హద్దు దాటిందంట" అన్నాడు.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నన్ను కూర్చోమంది. "ఇది ఏళ్ల తరబడి తింటే కాలేయాన్ని తినేసే విషం. కొన్ని వారాలు తిన్నదానికి ఏం అవుతుందో, అసలు అవుతుందో లేదో, ఖాయంగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేనూ చెప్పలేను. ఆపేశారు, అది మంచి పని." అంతకంటే అబద్ధం చెప్పి నన్ను ఓదార్చి ఉంటే బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది.

ఇంటికి పోయే ఆటోలో చెల్లెలే అడిగింది. "రిజల్టు వచ్చింది కదా? బావ ఫోన్ చేసినాడు కదా?"

చెప్పాను.

"సరే. అమ్మకు సెప్పద్దు. బావను ఏమీ అనద్దు. ఆయన ప్రేమతో తెచ్చిందే కదా" అంది. తర్వాత నా చేయి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల ఏదో మెల్లగా పక్కకు తిరిగింది. ఇల్లు చేరేదాకా నేను చేయి తీయలేదు.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న చెల్లెలు లేచి కూర్చుని, "అక్కా, పొద్దుటి నుంచి సరిగా కదల్లేదు" అంది. నింపాదిగా అంది, ఎవరికో జరుగుతున్న సంగతి చెప్పినట్టు. చక్కెర నీళ్లు తాగించాం. ఎడమ పక్కకు పడుకోబెట్టాం. కదల్లేదు. ఆటో కోసం వీధిలోకి పరుగెత్తినప్పుడు నా కాలికి చెప్పులు లేవు, ఆ సంగతి ఆసుపత్రికి చేరాక తెలిసింది. డాక్టరమ్మ గుండె చప్పుడు వింది. ఉంది, కానీ తనకు నచ్చినట్టు లేదంది. వెంటనే ఆపరేషన్ అంది.

తలుపు మూసుకున్నాక అమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కళ్లముందు గోనెపట్ట కప్పిన పెయ్య కనిపించింది. ఎంత తోసేసినా పోలేదు. అంత పాపపు ఆలోచన వచ్చినందుకు నా తల నేనే కొట్టుకున్నాను. మా ఆయన బస్సులో ఉన్నాడు. ఎక్కడున్నావని అడిగే ధైర్యం నాకు లేదు, ఏమైందని అడిగే ధైర్యం ఆయనకు లేదు. ఫోను ఇద్దరి చేతుల్లోనూ ఊరికే ఉండిపోయింది.

లోపల ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి తలుపుకు పెట్టాను. చాలాసేపు ట్రే చప్పుళ్లే. ఆ తర్వాత తుమ్ములాంటిది ఒకటి. ఆ వెనక సన్నటి, తెగిపోతున్న ఏడుపు.

ఆడపిల్ల. బరువు తక్కువ. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో పెట్టారు. చెల్లెలి దురద కాన్పు తర్వాత త్వరలోనే తగ్గిపోయింది, కాలేయం పరీక్ష కూడా మామూలుకు వచ్చింది. "చూశారా, ఇది కడుపుతో వచ్చిందే, నూనెతో కాదు" అంది డాక్టరమ్మ. ఆమె మాట నేను నమ్మాను. నమ్మినా, బిడ్డ అంత చిన్నగా ఎందుకు పుట్టిందని అడగబోయి ఆగిపోయాను. నెలలు నిండకుండానే తీశారు కదా అని ఆమె అంటుంది. అది కూడా నిజమే.

గానుగ మళ్లీ తిరుగుతోంది. కాయ నిండేటప్పుడు వాన ఎట్లా ఉందో మా ఆయన ఇప్పుడు ప్రతి రైతునూ అడుగుతాడు. తడి కొలిచే చిన్న యంత్రం కొన్నాడు. చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టండి, కుప్ప వేయకండి అని చెబుతాడు. అనుమానమున్న సరుకులోంచి ముందు కొంచెం పరీక్షకు పోతుంది. కొన్నేళ్లు వేరుశెనగ బాగా లేదని నువ్వులే ఆడించాడు. కొత్త నూనె మా ఇంటికి రాదు, మేం కూడా తేరినదే తింటున్నాం. ఏదీ కలపం అనే మాట ఇప్పటికీ చెబుతాడు కానీ ఆ గొంతులో పాత ఊపు లేదు. పాలామె మా దగ్గర చెక్క తీసుకోవడం మానేసింది. పాలు మాత్రం పోస్తుంది. ఆవు ఆ తర్వాత ఇంకో పెయ్యను ఈనింది.

చెల్లెలి కూతురు ఇప్పుడు బడికి పోతోంది. చురుకైన పిల్ల. ఎప్పుడైనా ఏ డాక్టరు చూసినా ఏ లోటూ లేదనే అన్నారు. అయినా నేను కుప్పం వెళ్లినప్పుడల్లా ముందు దాన్ని వెలుతురు దగ్గరికి పిలుచుకుంటాను. గడ్డం పట్టుకుని మొహం ఎత్తి, కళ్ల కింద రెప్ప మెల్లగా లాగి చూస్తాను. దానికి అర్థం కాదు, కదలకుండా నిలబడుతుంది. ఈమధ్య అట్లా చూస్తుంటే చెల్లెలు వంటింట్లోంచి వచ్చి పిల్లను నా చేతుల్లోంచి తన వైపు లాక్కుంది.

"ఇంక సాలుకా" అంది. "నువ్వొస్తాండావంటే ఇది పొద్దుటి నుంచే అద్దం ముందర నిలబడి కళ్లు సూసుకుంటాండాది."